సర్కారు తరఫున గిడ్డయ్య

మా తాత గిడ్డయ్యకు నల్లకోటు మీద ఉన్న ప్రేమ మా అవ్వ మీద కూడా లేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ప్రేమ మొదలైంది 1979 ఏప్రిల్లో. అప్పటికి ఆయన ఎవరికీ తాత కాదు, ఎవరికీ మొగుడు కూడా కాదు. బళ్ళారిలో లా రెండో సంవత్సరం పరీక్షలు రాసి, సెలవులకు ఆదోని స్టేషన్లో రైలు దిగిన పడుచు పిల్లోడు.

ఆదోని ఎండకు కొండరాళ్ళే పెటపెటమంటాయి. జనమంతా తలగుడ్డలు తడుపుకొని తిరుగుతాంటే, మా తాత మాత్రం ఎవరో ముసలి వకీలు వదిలేసిన కోటు తొడుక్కొని, గుండీలన్నీ పెట్టుకొని ప్లాట్‌ఫారం మీద నిలబడినాడు. చేతులు మణికట్టు దాకా రాలేదు. చదువు పూర్తికాకుండా కోటు వేసుకోకూడదని తెలియక కాదు, వేసుకుంటే ఎట్లుంటాదో చూద్దామని.

"కోర్టుకేనా లాయర్ సాబ్?" అని అడిగినాడు జట్కా తోలే హుసేనప్ప. ఆ ఒక్కమాటకు, నడిచి పోదామనుకున్న మనిషి గుర్రం బండెక్కి కాలు మీద కాలేసుకున్నాడు.

పోయింది శ్రీపాదరావు ఇంటికి. ఆదోనిలో ఆయన సర్కారు ప్లీడరు. సర్కారు మీద ఎవరైనా దావా వేస్తే, సర్కారు తరఫున కోర్టులో నిలబడి జవాబు చెప్పేది ఆయనే. ఇంటి ముందు గదే ఆఫీసు. ప్రతి వేసవికి ఒక లా చదివే పిల్లోన్ని దగ్గర పెట్టుకొనేవాడు. జీతం లేదు. పుస్తకాలు దులపాల, ఫైళ్ళు మోయాల, పాత తీర్పులు వెదకాల, చిత్తుప్రతులు రాయాల. కానీ వేసవంతా ఆయన కింద నిలిచి మెప్పించిన వానికి చదువైనాక అదే ఆఫీసులో జూనియర్‌గా చోటు దొరికేది. ఇంట్లో తాతల కాలం నుంచి వకీళ్ళున్నవాళ్ళకు ఇదొక విషయమే కాదు. నల్లగుండ్లలో కూలి చేసుకునే హులిగమ్మ కొడుక్కు మాత్రం ఆదోనిలో వేరే గుమ్మం లేదు. వాని పేరు తెలిసిన వకీలు ఆ ఊర్లో ఒక్కడూ లేడు.

"ఎవరు పంపినారప్పా నిన్ను?" అన్నాడు శ్రీపాదరావు, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ.

"ఎవరూ పంపలేదు సార్. పంపించే పెద్దమనుషులు లేరు మాకు. నేనే వచ్చినాను."

"ఏ ఊరు?"

"నల్లగుండ్ల సార్. ఎమ్మిగనూరు రస్తాలో బస్సు దిగి నడవాల."

"ఆ కోటు ఎవరిది?"

"ఈ పొద్దుకు నాదే సార్."

శ్రీపాదరావు నవ్వలేదు గానీ నశ్యం డబ్బీ మూత తీయబోయి ఆగినాడు. "దాన్ని ఇప్పి కొయ్యకు తగిలించు. ఆ అల్మైరా దులుపు. దుమ్ము పడకుంటే ఇప్పుడే చెప్పు, వేరే పిల్లోన్ని చూసుకుంటా."

"పడతాది సార్. కూలోళ్ళ పిల్లోన్ని, దుమ్ములోనే పుట్టినాను."

అట్లా చేరినాడు. పొద్దున కాఫీ అరుగు మీదికి వచ్చేది. ఇందిరాబాయమ్మ, అంటే శ్రీపాదరావు భార్య, గడప లోపలి నుంచి పెట్టి పోయేది. తాగి, గ్లాసు తనే కడిగి, గోడ మీద బోర్లించి రావాల. ఆ గ్లాసు ఆ ఇంట్లో వేరేగా ఉంటుందని గిడ్డయ్యకు మొదటి రోజే తెలిసింది. తెలిసిందని మొగంలో చూపించలేదు. కాఫీ బలే ఉందమ్మా అని మాత్రం వంటింటి దాకా వినపడేటట్లు రోజూ చెప్పేవాడు. కొన్నాళ్ళకు గ్లాసు అదే, కాఫీ మాత్రం అంచు దాకా వచ్చేది.

పని కూడా బాగా అబ్బింది. సర్కారు జవాబు రాయడానికి ఒక పద్ధతి ఉంటుంది. దావా వేసినవాడు ఏం చెప్పినా మొదట కాదనాల. ఆ ఇల్లు వానిది కాదు, ఆ చెట్టు వాడు నాటింది కాదు, నిరూపించుకొనే భారమంతా వాని మీదే. ఒక్కో పేరా కింద "ఇది వాస్తవం కాదు" అని రాసినప్పుడల్లా మా తాతకు ఎమ్మిగనూరు సంతలో ఎద్దును లొంగదీసినంత సంబరం. పొద్దు తూర్పున పొడుస్తుందని వాది రాసి ఉంటే దాన్ని కూడా ప్రభుత్వం ఒప్పుకోదని రాసేటంత ఊపులో ఉన్నాడు.

ఆ ఊపులోనే ఒక ఫైలు విప్పి, వాదుల పేర్లు చదివి, కలం కింద పెట్టినాడు. మొదటి పేరు నల్లగుండ్ల చిన్నప్ప. గిడ్డయ్య పక్కింటి మనిషి. చిన్నప్పుడు గిడ్డయ్యను భుజాన ఎత్తుకొని ఉరుకుంద ఈరన్న జాతర చూపించిన మనిషి.

సంగతేమంటే, నల్లగుండ్ల పేట నుంచి బొందలగడ్డకు ఒక దారి ఉంది. పేటలో ఎవరు పోయినా ఆ దారినే మోసుకుపోయి పూడ్చి వస్తారు. ఆ దారి పోయేది సర్కారు భూమిలో. అక్కడ ధాన్యం గోదాము కట్టాలని తాలూకా ఆఫీసు వాళ్ళు కొయ్యలు పాతినారు. గోదాము లేస్తే దారి మూసుకుపోతుంది. అప్పుడు పీనుగును రెడ్ల చేలల్లో నుంచి తీసుకుపోవాల, వాళ్ళు ఆ మాటంటేనే కర్రలు పట్టుకుంటారు. అందుకని పేట వాళ్ళు దావా వేసినారు. ఇది తాతముత్తాతల దారి, మూయొద్దు అని. సర్కారు జవాబేమో, అక్కడ దారే లేదు, గోదామును అడ్డుకోవడానికి కొత్తగా తొక్కిందని.

గిడ్డయ్య లేచి పోయి చెప్పేసినాడు. "సార్, ఇది మా ఊరు."

శ్రీపాదరావు రాస్తున్నది ఆపలేదు. "వాదుల్లో నువ్వుండావా?"

"లేను సార్."

"మీ అమ్మ?"

"వేలిముద్ర వేసే రోజు కలుపుకు పోయిందంట సార్. లేకుంటే మొదట ఆమే వేసేది."

"అయితే పని చేయొచ్చు. కోర్టు కమిషనర్ను వేసింది. మన వకీలు గురురాజనే. దారి చూసి, కొలిచి, ఎట్లుండేది రాసిస్తాడు. ఆ రాసిందే రేపు కోర్టు నమ్మేది. సర్కారు తరఫున నువ్వు పో."

"నేనా సార్!"

"పెళ్ళికి పొమ్మనలేదు, అంత సంబరపడొద్దు. నువ్వు సాక్షివి కాదు. ఊరి సంగతులు ఆయనకు చెప్పొద్దు. ఏదైనా చూడాలని అడగాలంటే అడగొచ్చు, అంతవరకే. ఈ పని సక్రమంగా చేసుకొని రా. నీ సంగతి తర్వాత చూద్దాం."

'నీ సంగతి' అంటే జూనియర్ చోటు. అది గిడ్డయ్యకు విడమరిచి చెప్పే పని లేకపాయె.

అక్కడ నల్లగుండ్లలో వేరే హడావుడి. కోర్టు మనిషి దారి చూడ్డానికొస్తున్నాడని వాళ్ళ వకీలు కబురు పంపినాడు. ఎట్లుంచాలో చెప్పలేదు. చెప్పకుండానే ఎవరిదో పెండ్లని బళ్ళారికి పోయినాడు. ఇంక హులిగమ్మను పట్టుకొనేదెవరు? "కోర్టాయన వస్తాండాడు, నా కొడుకూ వస్తాండాడు! దారి చూసేకొస్తే దారి ఇట్లనా ఉండేది, ముండ్లూ పేడా పడి? ఈరన్న తేరు వస్తే ఊరికే ఉంటామా?" అని పేటంతా తిరిగి లేపింది. గంపలెత్తుకొని పోయి చెరువు గట్టు అవతల నుంచి ఎర్ర గరుసు తెచ్చినారు. దారి పొడుగునా పరిచినారు. నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టినారు. రెండు పక్కలా సున్నం గీతలు గీసినారు. అడుగడుగునా వేపమండలు. ఇంటికొచ్చే మనిషికి ఉన్నదాంట్లో మంచిది పెట్టడం నల్లగుండ్ల పేటకు తెలుసు. దావా గెలవడం వాళ్ళకు తెలియదు.

గురురాజ, గిడ్డయ్య బస్సు దిగి పొలాల గుండా నడిచి వచ్చేసరికి తప్పెట్లు మొదలైనాయి. నల్లమట్టి చేల మధ్య ఎర్రగా మెరిసిపోతూ, కొత్తచీరకు అంచులాగ, ఆ దారి. తాలూకా ఆఫీసు నుంచి రావలసిన మనిషి రాలేదు. సర్కారు తరఫున ఉన్నది గిడ్డయ్య ఒక్కడే, అది కూడా కోటులో. చెమటకు మునిగి తేలుతున్నాడు.

ఆ ఎర్రదనం చూడగానే గిడ్డయ్యకు సర్కారు జవాబులోని 'కొత్తగా తొక్కింది' అన్న మాట గుర్తుకొచ్చింది.

గురురాజ మంచివాడే గానీ రాసుకొనే మనిషి, కండ్లతో చూసిందే రాస్తాడు. "ఈ గరుసు ఎప్పుడు వేసినారప్పా?"

చిన్నప్ప రొమ్ము విరుచుకున్నాడు. "మొన్ననే సార్! మీరొస్తాండారని, ఆడోళ్ళూ మొగోళ్ళూ అందరం పడి ఏసినాం. ఎట్లుండాది?"

"బాగుంది." గురురాజ గొంతెత్తి చదువుకుంటూ రాసినాడు. "ఇటీవలే ఏర్పరచిన గరుసు దారి. అంచులకు తాజా సున్నం."

"సున్నం గూడా రాసుకున్నాడు సూడు!" అని హులిగమ్మ పక్కావిడను మోచేత్తో పొడిచింది.

గిడ్డయ్య లెక్క వేసుకున్నాడు. ఆ రాత కోర్టుకు పోతే కథ ముగిసినట్లే. కొత్త దారని కోర్టు మనిషే రాసినాక ఇంకేముంటాది? సర్కారు గెలుస్తుంది. శ్రీపాదరావు సంతోషిస్తాడు. తను నోరు మూసుకొని నిలబడితే చాలు, జూనియర్ చోటు నడుచుకుంటూ వస్తుంది. పోనీ ఇది పాత దారని చెబుదామా అంటే, చెప్పకూడదు. సర్కారు మనిషి. తన నాయనను పాడె మీద మోసుకొని పోయింది ఈ దారినే, అప్పుడు ముందు నిప్పు పట్టుకొని నడిచింది తనే. అయినా చెప్పకూడదు.

పరిచిన గరుసును కాలితో ఒకసారి తట్టి చూసినాడు. తర్వాత కోటు ముందుకు లాక్కొని, గొంతు సవరించుకున్నాడు. మా తాత గొంతు సవరించుకున్నాడంటే ఇంక ఆయన్ను ఆపడం ఎవరి తరం కాదు, ఇప్పటికీ.

"సార్, సర్కారు తరఫున ఒక మనవి."

"చెప్పప్పా."

"ఇది కొత్త దారని మా వాదన. కొత్తదైతే గరుసు కింద మెత్తని చేనిమట్టి ఉండాల. తవ్వించి, కింద ఏముందో అది కూడా చూసి రాయమని సర్కారు కోరుతాంది."

"ఈ ఎండలోనా?"

"సర్కారు కోరింది సార్."

తప్పెట్లు ఆగిపోయినాయి. చిన్నప్ప ముందుకొచ్చినాడు. "రేయ్ గిడ్డా, ఏం మాట్లాడతాండావు రా? నడుములు పడిపోయేటట్లు పరిచినాం. దాన్ని పెరకమంటావా?"

"కోర్టు పనన్నా. ఒక పార ఇయ్యండి."

ఎవరూ ఇయ్యలేదు. ఎవని చేతిలో నుంచో తనే గుంజుకొని గరుసు మీద వేటు వేసినాడు. అంతే, హులిగమ్మ వచ్చి ఆ చోట్లోనే చతికిలపడింది.

"నా కడుపున పుట్టి నేను పరిచిన దారే తవ్వుతావేమి రా! ఆ కోటోళ్ళు ఏం మందు పెట్టినారో నా బిడ్డకు! తవ్వు, నా మీదనే తవ్వు!"

"అమ్మా, పక్కకు జరుగు."

"జరగను. నీ సర్కారును పిలుచుకోని రా, జరపమను."

గిడ్డయ్య నాలుగడుగులు ముందుకు పోయి పార ఎత్తినాడు. ఆమె లేచి పోయి అక్కడ కూర్చుంది. వెనక్కొచ్చినాడు, ఆమె కూడా వెనక్కొచ్చింది. ఎందుకు తవ్వుతున్నాడో చెవిలో చెప్పేదానికి లేదు, కమిషనర్ పక్కనే ఉండె. పేట వాళ్ళు కోపంలో ఉండి కూడా నవ్వు ఆపుకోలేకపోయినారు. ఆఖరికి గురురాజ చేతులు జోడించి, "కొంచెం లెయ్యమ్మా, నేను సాయంత్రం బస్సు అందుకోవాల" అన్నాక, అతిథి మాట తీసేయలేక లేచింది.

గిడ్డయ్య గరుసు గీకి పారేసినాడు. కింద చేనిమట్టి రాలేదు. పార టంగుమని ఎగిరి చేతులు జలదరించినాయి. ఇటుక మాదిరి గట్టిపడిన బూడిదరంగు నేల, పక్క చేను కన్నా జానెడు లోతుకు దిగబడి ఉంది. ఇంకో చోట గీకినాడు. అదే నేల. బొందలగడ్డ దగ్గర దారి ఒక పరుపు బండ మీదుగా పోతుంది. అక్కడ గరుసు ఊడ్చితే, బండలో రెండు గాడులు, బండి చక్రాలకు అరిగి అరిగి నున్నగా అద్దంలాగ. గురురాజ వంగి ఒక గాడిలో అరచెయ్యి పెట్టినాడు. చెయ్యంతా దాంట్లో మునిగింది.

"ఇది మొన్న అరిగింది కాదు" అన్నాడు మెల్లగా.

"అది కూడా రాసుకోండి సార్" అన్నాడు గిడ్డయ్య. "సర్కారు తరఫున."

గురురాజ తలెత్తి ఆయన మొగం వైపు చాలాసేపు చూసినాడు.  టేపు తీసి కొలిచినాడు, గాడులన్నీ రాసుకున్నాడు.

పేట వాళ్ళకు ఇదేమీ ఎక్కలేదు. వాళ్ళకు కనపడిందల్లా కుప్పలు కుప్పలుగా పడిన గరుసు, దాని మధ్య తమ గిడ్డడు. పోయేటప్పుడు హులిగమ్మ జొన్నరొట్టెలు, వేరుశెనగ కారం గుడ్డలో మూటకట్టి గురురాజ చేతిలో పెట్టింది. కొడుకు వైపు చూడనే లేదు. బస్సులో గురురాజ సగం రొట్టె తుంచి ఇస్తే, తన తల్లి రొట్టెను మా తాత పరాయివాని చేతి నుంచి తిన్నాడు.

మరుసటి రోజు, కమిషనర్ రాసింది ఇంకా కోర్టుకు చేరకముందే, గిడ్డయ్య శ్రీపాదరావు ముందు నిలబడి జరిగిందంతా చెప్పినాడు.

"ఎవరు తవ్వమన్నారు?"

"నేనే సార్."

"కింద ఏముందో నీకు ముందే తెలుసా?"

ఇక్కడ అబద్ధమాడొచ్చు. సర్కారుకు మేలు చేద్దామని అడిగినాను, ఇట్లయిపాయె అనొచ్చు. నమ్మేవాడు కూడా. గిడ్డయ్య గోడకేసి ఒకసారి చూసి, "తెలుసు సార్. మా నాయనను ఆ దారినే తీసకపోయినాం" అన్నాడు.

శ్రీపాదరావు నశ్యం డబ్బీని బల్ల మీద కొట్టినాడు. "సర్కారు నీకు క్లయింటు. క్లయింటు గొయ్యి క్లయింటు పారతోనే తవ్వినావు!"

"లేదు సార్. గోదాము కట్టినాక కోర్టు పడగొట్టమంటే, అప్పుడు సార్ గొయ్యి. ఇప్పుడైతే కొయ్యలు పెరికి పక్కన పాతుకుంటే సరిపోతాది."

"నాకు నేర్పిస్తావా? పో. రేపటి నుంచి రావొద్దు."

గిడ్డయ్య కోటు తీసుకొని బయటికొచ్చినాడు. ఆ సాయంత్రం కొండ కింద రాయి మీద కూర్చున్నప్పుడు ధైర్యం కొంత జారిందని తాతే ఒప్పుకుంటాడు. కొంతేనట. ఊర్లో తల్లి మాట్లాడదు, ఆదోనిలో ఉన్న ఒక్క గుమ్మం మూసుకుంది. అట్లాంటప్పుడు ఎవరైనా బళ్ళారి రైలెక్కుతారు. మా తాత మరుసటి పొద్దున శ్రీపాదరావు ఆఫీసుకే పోయి, అల్మైరా తెరిచి, పుస్తకాలు దులపడం మొదలుపెట్టినాడు.

శ్రీపాదరావు స్నానం చేసి, ఒంటికి గోపీచందనం ముద్రలు పెట్టుకొని వచ్చి, చూసి, గుమ్మంలోనే ఆగినాడు. "రావొద్దన్నాను గదా?"

"కింది అర మిగిలిపోయింది సార్. పని సగంలో వదిలేస్తే మీ పేరు చెడుతాది."

లోపల ఇందిరాబాయమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. శ్రీపాదరావు కుర్చీలో కూలబడి, కాసేపు కిటికీలో నుంచి వీధి చూసినాడు. గిడ్డయ్య దులుపుతూనే ఉన్నాడు, ఒక్కో పుస్తకం మామూలు కన్నా మెల్లగా.

"రాయి" అన్నాడు శ్రీపాదరావు ఉన్నట్టుండి.

"ఏం రాయాల సార్?"

"తహసీల్దారుకు. దారి పాతదని తేలుతుంది, ఈ దావాలో మనం నిలబడలేము, గోదామును తూర్పుకు జరిపి దారి వదిలిపెట్టమని నా సలహా. నీ మాటల్లో రాసి చూపించు."

గిడ్డయ్య రాసి చూపించినాడు. శ్రీపాదరావు ఎర్రసిరా కలం తీసి కొట్టివేతలు మొదలుపెట్టినాడు. "ఇదేం వాక్యమప్పా, తోకెక్కడ, తలెక్కడ? 'మహోన్నతమైన ప్రభుత్వం' ఎవరు రాయమన్నారు? తహసీల్దారుకు హారతి పడుతున్నావా? ఈ పేరా తీసెయ్. ఈ పేరా పైకి పోవాల." కాగితమంతా ఎర్రగా అయిపోయింది. గిడ్డయ్యకు లోపల పండగ. వెళ్ళగొట్టే వాని రాత ఎవరూ ఇంత ఓపికగా దిద్దరు. ఆ సంగతి ఆయనకు అప్పుడే తెలిసిపోయింది, అయినా మొగం మాత్రం తిట్లు తిన్నవాని మాదిరి పెట్టుకున్నాడు. ఆ మొగం పెట్టడం ఆయనకు చేతకాదు. నాకు తెలుసు.

జూన్‌లో కోర్టు తెరిచినాక రెండు పక్కలా రాజీ కాగితం దాఖలు చేసినారు. దారి దారిగానే ఉంటుంది, గోదాము పక్కకు జరుగుతుంది. చిన్నప్ప కోర్టు వరండాలో గిడ్డయ్యను పట్టుకొని, "ఓడినోడు ఎవడూ కనపడ్లేదే రా! మేం గెలిచినట్లా, కాదా?" అని అడిగినాడు. గిడ్డయ్య విడమరిచి చెప్పినాడు, ఎందుకు తవ్వినాడో, ఎందుకు చెప్పలేకపోయినాడో. చిన్నప్ప నోరు తెరుచుకొని విని, నల్లగుండ్లకు పోయి హులిగమ్మకు చెప్పినాడు. ఆమె అంతా విని, "అదేదో కంటితో సైగ చేసి ఉంటే నేనే తవ్వి ఇచ్చేదాన్ని గదా, ఎదవ" అన్నదంట. ఆ మాట ఊరంతా తిరిగి ఆదోనికి వచ్చింది. ఆ వెనకనే రొట్టెల మూట కూడా వచ్చింది.

కాలేజీ తెరిచే ముందు రోజు గిడ్డయ్య సంచి సర్దుకొని, చెప్పి పోదామని ఆఫీసుకు వచ్చినాడు. శ్రీపాదరావు ఫైలులో నుంచి తలెత్తలేదు.

"వచ్చే ఏడు చదువు అయిపోతాది గదా. యాడికి పోతావు?"

"ఈడికే సార్."

"నేను రమ్మనలేదే."

"పొమ్మన్నప్పుడే వచ్చినాను సార్. రమ్మనకపోతే రానా?"

"బందే బర్తానె, బిడ్రి" అన్నది ఇందిరాబాయమ్మ లోపలి నుంచి, కన్నడంలో. వచ్చే తీరతాడు, వదలండి అని. అని, కాఫీ తెచ్చి, ఈసారి గడప దాటి బల్ల మీదనే పెట్టింది. శ్రీపాదరావు గ్లాసు వైపు చూసినాడు, భార్య వైపు చూసినాడు, మళ్ళా ఫైలులో తల దూర్చినాడు.

"తాగి పో. పరీక్షల్లో ఆస్తి చట్టం సరిగ్గా చదువు, దాంట్లో నువ్వు వట్టి మొద్దువి. ఇక్కడికొచ్చినాక నేను కూర్చోబెట్టి నేర్పించలేను."

గిడ్డయ్య కాఫీని చల్లారేదాకా, తీరిగ్గా, ఒక్కో గుక్క తాగినాడు. రైలు తప్పిపోయింది. ఇంకో రైలుంది లెమ్మన్నాడు.